‘ఏడువవద్దు’ అనగలిగినవాడు

ప్రశ్న: మా వారు చనిపోయి ఎనిమిది నెలలైంది. పొద్దున పనికి వెళ్లిన మనిషి సాయంత్రానికి లేరు. గుండెపోటు అన్నారు. పన్నెండేళ్లుగా మా సంఘంలో గాయక బృందంతో కలిసి పాడుతున్నాను. ఇప్పుడు పాట మొదలుకాగానే గొంతు పూడుకుపోతోంది, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మొదటి నెలలో అందరూ ఓదార్చారు. ఇప్పుడు “ఇంకా ఏడుస్తున్నావా? ఆయన ప్రభువు దగ్గర ఉన్నారని నమ్మడం లేదా?” అంటున్నారు. సంఘ పెద్ద ఒకరు నలుగురిలో “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి అని వాక్యం చెబుతోంది. నీ కన్నీళ్లు అవిశ్వాసానికి గుర్తు” అన్నారు. వచ్చే నెల నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన మరణం కోసం దేవునికి వందనాలు చెప్పాలట. ఆ మాట నా నోటికి రావడం లేదు. ప్రార్థనకు మోకరిస్తే మాటలే లేవు. మా తొమ్మిదేళ్ల బాబు మొన్న రాత్రి “దేవుడు మంచివాడైతే నాన్నను ఎందుకు తీసుకుపోయాడు?” అని అడిగాడు. అలా అడగకూడదని కసిరాను. అప్పటి నుంచి వాడు నాన్న మాటే ఎత్తడం లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందా?
— ఒక సోదరి

సమాధానం:

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. లేదమ్మా, చచ్చిపోలేదు. “ప్రార్థనకు మోకరిస్తే మాటలే లేవు” అని రాశారు. మాటలు లేవన్న బాధలో మీరు గమనించలేదేమో, మోకరిస్తున్నానని కూడా ఆ వాక్యంలోనే రాశారు. జవాబు వినిపించని చోటికే మళ్లీ మళ్లీ వెళ్లి మోకాళ్లూనే మనిషి విశ్వాసం పోగొట్టుకుందంటే నేను ఒప్పుకోను.

వాక్యం పేరు చెప్పి మీ నోరు మూయించారు కాబట్టి ఆ వాక్యం దగ్గరకే వెళ్దాం.

మరణం జరిగిన చోట యేసు “ఏడువవద్దు” అన్న సందర్భాలు సువార్తల్లో ఉన్నాయి. వాటిని దాటవేస్తే న్యాయం కాదు. లూకా 7వ అధ్యాయంలో నాయీను ఊరి గవిని దగ్గర ఒక విధవరాలి ఒక్కగానొక్క కుమారుణ్ణి మోసుకుపోతున్నారు. ప్రభువు ఆమెను చూసి కనికరపడి “ఏడువవద్దు” అన్నాడు. అక్కడితో ఆపకుండా తరువాతి వచనం కూడా చదవండి. ఆయన దగ్గరకు వచ్చి పాడెను ముట్టాడు. మోస్తున్నవారు నిలిచిపోయారు. చనిపోయినవాడు లేచి కూర్చుని మాట్లాడసాగాడు. ఆయన వాణ్ణి తల్లికి అప్పగించాడు. 8వ అధ్యాయంలో కూతురు చనిపోయిన యాయీరు ఇంట్లోనూ అంతే. ఏడవవద్దన్న నోటితోనే ఆ చిన్నదాన్ని లెమ్మన్నాడు. పాడెను ఆపగలిగినవాడికి ఆ మాట అనే అధికారం ఉంది. మీతో ఆ మాట అన్నవారిలో ఎవరూ మీ వారిని మీకు తిరిగి అప్పగించలేరు. అటువంటప్పుడు ఆయన చేతిలోని శక్తి లేకుండా ఆయన నోటిలోని మాట మాత్రం అరువు తెచ్చుకోవడం ఎందుకు?

ఆ శక్తి ఉండి కూడా ఆయన ఆ మాట అనని చోటు ఒకటుంది. యోహాను 11వ అధ్యాయం, బేతనియ. చనిపోయిన లాజరును లేపబోతున్నానని ఆయన శిష్యులతో ముందే చెప్పాడు. సమాధి దగ్గరకు నడిచేటప్పటికి ఆ అద్భుతం ఎంతో దూరంలో లేదు. అయినా లాజరు సోదరి మరియ ఏడవడం చూసి, ఆమెతో వచ్చినవారు ఏడవడం చూసి, “యేసు కన్నీళ్లు విడిచెను.” పునరుత్థానం ఉందని తెలిసినవారు ఏడవకూడదన్నది నియమమైతే, ఆ నియమాన్ని మొదట మీరినవాడు ‘పునరుత్థానమును జీవమును నేనే’ అని అంతకు కాసేపటి ముందు చెప్పినవాడే.

“ఆయన ప్రభువు దగ్గర ఉన్నారని నమ్మడం లేదా?” అన్న ప్రశ్నకు నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించే జవాబు మరొక చోట ఉంది. ఎవరూ పెద్దగా ప్రసంగించని ఒక చిన్న వచనం, అపొస్తలుల కార్యములు 8:2. యేసును ప్రకటించినందుకు రాళ్లతో కొట్టి చంపబడిన స్తెఫను మరణం మీకు తెలుసు. ఆకాశం తెరవబడడం, మనుష్యకుమారుడు దేవుని కుడిపార్శ్వమందు నిలిచి ఉండడం చూశానని అందరి ముందూ చెప్పి చనిపోయాడు. “యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము” అని మొరపెట్టాడు. స్తెఫను ఎక్కడికి వెళ్లాడన్న విషయంలో ఆ సంఘానికి అనుమానం ఉండే అవకాశమే లేదు. మరి ఆ సంఘం ఏం చేసింది? “భక్తిగల మనుష్యులు స్తెఫనును సమాధిచేసి అతనిగూర్చి బహుగా ప్రలాపించిరి.” ప్రలాపించడమంటే కళ్ల చివర తుడుచుకోవడం కాదు, గొంతెత్తి ఏడవడం. అందులోనూ ‘బహుగా’. ఈ గ్రంథం రాసిన లూకా వారిని ‘అల్పవిశ్వాసులు’ అనలేదు, ‘భక్తిగల మనుష్యులు’ అన్నాడు. ఈ ఒక్క వచనాన్ని మీ బైబిల్లో గీత గీసి ఉంచుకోండి.

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4:13ను కూడా మీకు చెప్పే ఉంటారు. నిరీక్షణ లేని ఇతరుల వలె దుఃఖపడవద్దని ఆయన రాశాడు. ఆ వాక్యంలో ‘ఇతరులవలె’ అన్న మాటను మింగేసి ‘దుఃఖపడవద్దు’ అని వినిపించేవారు చాలామంది ఉన్నారు. ఆయన దుఃఖాన్ని నిషేధించలేదు, దానికి ఒక తోడును ఇచ్చాడు. నిరీక్షణ ఉన్నవారూ ఏడుస్తారు. వారి ఏడుపుకు ఒక దిక్కు ఉంటుంది.

“ఇంకా ఏడుస్తున్నావా?” అన్న మాటలోని ‘ఇంకా’ గురించి కూడా ఒక మాట. అహరోను కోసం ఇశ్రాయేలు ప్రజలు 30 రోజులు, మోషే కోసం 30 రోజులు విలపించారు. యాకోబు కోసం ఐగుప్తీయులు 70 రోజులు అంగలార్చారు. అవి జనం అంతా కలిసి దుఃఖించిన రోజుల లెక్కలు. ఒక మనిషి గుండెకు అలాంటి గడువు పెట్టిన వచనం నాకు కనబడలేదు. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు ఓదార్పు పొందడానికి ఒప్పుకోలేదు. యోసేపును అమ్మేసినప్పుడు వయసు 17. తండ్రి అతణ్ణి మళ్లీ చూసేనాటికి సుమారు 39. అంటే ఇరవై ఏళ్లు దాటింది. మధ్యలో బెన్యామీనును పంపమని అడిగినప్పుడు ఆ ముసలి తండ్రి మాట్లాడే ప్రతి మాటలోనూ పాత గాయం కొత్తగానే ఉంది. ఆ దుఃఖానికి ఆయనను తప్పుపట్టిన మాట ఆది కాండములో లేదు. మీకైతే ఇంకా ఎనిమిది నెలలే.

ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన వచనం. ‘ప్రతి విషయమునందును’ అని ఉంది. తెలుగులో ఆ ‘అందు’ చిన్న మాట కాదు. దుఃఖమందు, కష్టమందు, సమాధి దగ్గర నిలబడినప్పుడు కూడా దేవునితో సంబంధం తెంచుకోవద్దని, కృతజ్ఞతకు తావు వెతకమని ఆ వచనం నన్ను అడుగుతుంది. ఆ సమాధి కొరకు కృతజ్ఞతలు చెప్పమని అడగదు. “మరి ఎఫెసీ 5:20లో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది కదా?” అని మిమ్మల్ని ఎవరైనా అడగవచ్చు. ఉంది. దానికి ముందున్న వచనం కూడా ఉంది. కీర్తనలతో ఒకరినొకరు హెచ్చరించుకోమని పౌలు అక్కడే రాశాడు. ఆ కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. కీర్తనలతో కృతజ్ఞత చెప్పమన్నవాడు వాటిలోని ఏడుపును చింపి పారేయమని చెప్పి ఉండడు. పైగా అదే పౌలు 1 కొరింథీ 15:26లో మరణాన్ని ‘శత్రువు’ అన్నాడు, కడపట నశింపజేయబడే శత్రువు. శత్రువు కొట్టిన దెబ్బకు వందనాలు చెప్పమని మీ చేతికి మైకు ఇవ్వడం నాకు సరిగా అనిపించడం లేదు.

ఎల్లప్పుడూ ఆనందించమని ఫిలిప్పీయులకు రాసిన అదే ఉత్తరంలో, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరైన సంగతి పౌలు చెబుతాడు. దేవుడు అతణ్ణి కనికరించాడని, అతణ్ణి మాత్రమే కాదు, తనకు ‘దుఃఖముమీద దుఃఖము’ కలగకుండా తనను కూడా కనికరించాడని 2:27లో రాశాడు. ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే పౌలు ఏడ్చేవాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు.

యోబు మాట కూడా మీదాకా వచ్చే ఉంటుంది. “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక.” దుఃఖంలో ఉన్న ఇంట ఈ వచనం వినిపించని రోజు ఉండదు. నాకు ఎన్నో ఏళ్ల తర్వాత గాని తెలియని విషయం ఒకటి చెబుతాను. ఆ మాట యోబు తన గురించి తానే అన్నాడు. పిల్లలను పోగొట్టుకున్న మనిషికి బయటివారు ఎవరూ దాన్ని చెప్పలేదు. పై వస్త్రం చింపుకుని, తల గొరిగించుకుని, నేలమీద సాష్టాంగపడిన మనిషి నోట అది వచ్చింది. అంత లోతు నుంచి వచ్చిన మాటను మనం పైనుంచి ఇంకొకరి మీద వేస్తే అది రాయిలా పడుతుంది. ఒకనాడు మీ నోటికి ఆ మాట దానంతట అది వస్తే అనండి. రాకపోతే 3వ అధ్యాయంలో తన పుట్టిన దినాన్ని శపించినవాడూ ఆ యోబే. చివరికి 42:7లో దేవుడు కోపగించుకున్నది ఎవరి మీద? చక్కని సిద్ధాంతాలు చెప్పిన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. ఆ స్నేహితులు కూడా మొదట బాగానే వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయింది.

మా నాన్నగారు పోయినప్పుడు మా సంఘంలోని ఒక వృద్ధుడు మూడో రోజు మా ఇంటికి వచ్చారు. నా పక్కన కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదివారు. ఆ కీర్తనలో పద్దెనిమిది వచనాలున్నాయి. ‘నాకు రక్షణకర్తవగు దేవా’ అని మొదలవుతుంది. రాత్రింబగళ్లు మొర, సమాధి, అగాధం, ‘నీ ముఖం నాకు ఎందుకు దాచుతున్నావు’ అన్న ప్రశ్న, అన్నీ ఉన్నాయి. నేను ప్రతి వచనం దగ్గరా మలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మిగతా కీర్తనల్లో ‘అయినను నేను నమ్మియున్నాను’ అని ఒకచోట వస్తుంది కదా. రాలేదు. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్నచోట కీర్తన అయిపోయింది. ఆయన పుస్తకం మూశారు. ‘ఆమేన్’ అన్నారు. ఒక చేయి నా భుజం మీద వేసి, కాసేపుంచి, తీసి, వెళ్లిపోయారు. వ్యాఖ్యానం చేయలేదు. పక్క పేజీలోనే ‘యెహోవాయొక్క కృపాతిశయమును నిత్యము నేను కీర్తించెదను’ అని మొదలయ్యే 89వ కీర్తన ఉంది. ఆయన పేజీ తిప్పలేదు. ఆ రోజు నేను ఎవరికీ చెప్పుకోలేని మాట దేవుని పుస్తకంలో అచ్చయి ఉందని తెలిసింది. నాన్నగారు పోయాక మొదటిసారి కడుపారా ఏడ్చాను. అది ప్రార్థన అని నాకు అప్పుడు తెలియదు.

మీరు గాయకురాలు కాబట్టి ఆ కీర్తన శీర్షికను గమనించమని అడుగుతున్నాను. ‘కోరహు కుమారుల కీర్తన. ప్రధానగాయకునికి.’ పాడవలసిన రాగం పేరు కూడా అక్కడే ఉంది. అంటే అది ఎవరో రాత్రిపూట రాసుకుని దాచుకున్న కాగితం కాదు. ఆలయంలో పాడేవారికి అప్పగించిన పాట. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఒక గాయక బృందం గొంతు కలిపి పాడింది. ఇక 137వ కీర్తన. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవారు నిరవంజి చెట్లకు సితారాలు తగిలించారు. చెరపట్టినవారు ‘సీయోను కీర్తనలలో ఒకదానిని మాకు వినిపించండి’ అని సంతోషగానం కోరారు. వీరు ఎట్లు పాడుదుము అన్నారు. పాడలేకపోయారు. ఆ పాడలేకపోవడమే కీర్తనల గ్రంథంలో ఒక పాటగా నిలిచిపోయింది. మీ గొంతు పూడుకుపోయిన ఆదివారాలను దేవుడు ఏ లెక్కలో వేస్తున్నాడో నాకు దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. మరొకటి, వారు సితారాలను చెట్లకు తగిలించారు, విరగ్గొట్టలేదు.

56వ కీర్తన 8వ వచనంలో దావీదు “నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి” అంటాడు. మనకు బుడ్డి అంటే గాజుబుడ్డి తోస్తుంది. ఆ హెబ్రీ మాటకు అర్థం తోలుతిత్తి. ఎండిన నేలలో ప్రయాణం చేసేవాడు నీళ్లు పోసుకుని భుజాన వేసుకునే తిత్తి. అక్కడ నీటిచుక్కను ఎవరూ పారబోయరు. దేవుడు మీ కన్నీళ్లను ఆ తిత్తిలో పోసుకుంటున్నాడని ఆ వచనం అంటుంటే, వాటిని అవిశ్వాసానికి గుర్తు అని ఎలా అనగలం?

మాటలు రాని ప్రార్థన సంగతికి వస్తాను. బిడ్డలు లేని హన్నా షిలోహు మందిరంలో ప్రార్థించినప్పుడు పెదవులు మాత్రం కదిలాయి, స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ చూసి ఆమె తాగి ఉందనుకున్నాడు. ఎంతవరకు మత్తురాలవై ఉంటావని గద్దించాడు. దేవుని మందిరంలో అంతకాలం ఉన్న మనిషి కూడా ఒక స్త్రీ దుఃఖాన్ని తప్పుగా చదివాడు. ఇది మీకు జరిగిందే కదా. హన్నా ఆయనను ఎదిరించలేదు, అలాగని ఆ నిందను మోసుకుని ఇంటికీ వెళ్లలేదు. “అది కాదు, నా యేలినవాడా, నేను మనోదుఃఖము గలదాననై ఉన్నాను, నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుచున్నాను” అన్న అర్థంలో జవాబిచ్చింది. ఏలీ తన మాట మార్చుకుని ఆమెను దీవించాడు. మీ పెద్దాయనలోనూ ఒక ఏలీ ఉన్నాడని నేను ఆశపడతాను. చాలామంది చెడ్డ మనసుతో అలా మాట్లాడరు. ఎదుటి మనిషి దుఃఖం చూస్తే భయం వేస్తుంది, ఆ భయంలో చేతికి దొరికిన వచనాన్ని విసిరేస్తారు. ఆయనను విడిగా కలవండి. తోడుగా ఒక సోదరిని తీసుకెళ్లండి. “అయ్యా, నేను దేవుణ్ణి విడిచిపెట్టలేదు. ఆయన ముందే ఏడుస్తున్నాను” అని చెప్పండి. వాదించనక్కరలేదు. కావాలంటే అపొస్తలుల కార్యములు 8:2 తెరిచి ఆయన చేతనే చదివించండి.

మాటలే లేని రాత్రుల కోసం రోమీయులకు 8:26 ఉంది. మనం యుక్తముగా ఏలాగు ప్రార్థన చేయాలో మనకు తెలియదని పౌలు ‘మనకు’ అనే అంటాడు, తనను కలుపుకుని. ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపన చేస్తున్నాడు. మోకాళ్ల మీద ఊరికే ఉండండి. ఎవరి మాటనైనా అరువు తీసుకోవాలంటే కీర్తనలది తీసుకోండి.

సాక్ష్యం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. వచ్చే నెల చెప్పకండి. “ఇప్పుడు కాదు” అంటే చాలు, కారణాలు వివరించనక్కరలేదు. లేని ఆనందాన్ని ఉన్నట్టు దేవుని ఇంట్లో నిలబడి చెబితే అది సాక్ష్యం కాదు. ఎప్పుడో చెప్పగలిగిన రోజు వస్తే, ఆయన మరణం కోసం కాకుండా ఆయన కోసం వందనాలు చెప్పండి. కలిసి బతికిన సంవత్సరాల కోసం, మీ పాట వినడానికి ఆయన ఏ వరుసలో కూర్చునేవారో ఆ చోటు కోసం. అది ‘ప్రతి విషయమునందును’ అన్న మాటకు ఏ విధంగానూ తక్కువ కాదు. అంతవరకు గాయక బృందంలో నిలబడలేకపోతే కూర్చోండి. మీరు పన్నెండేళ్లు వారందరి కోసం పాడారు. కొన్నాళ్లు వారు మీ కోసం పాడతారు.

ఇక మీ బాబు. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వాడే. వాడు అడిగినది దైవదూషణ కాదు తల్లీ. బేతనియలో మార్త యేసుకు ఎదురువెళ్లి అన్న మొదటి మాట, “ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును.” కాసేపటికి మరియ వచ్చి ఆయన పాదాల మీద పడి అదే మాట అన్నది. బహుశా లాజరు చనిపోయాక గడిచిన నాలుగు రోజులూ అక్కాచెల్లెళ్లు ఆ ఇంట్లో ఒకరితో ఒకరు అనుకున్న మాట అదే. అందులో నింద లేదని నేను అనను. ‘నువ్వు ఎందుకు రాలేదు?’ అన్న ప్రశ్న అందులో ఉంది. యేసు ఇద్దరిలో ఎవరినీ కసరలేదు. మార్తకు మాట ఇచ్చాడు, మరియతో కలిసి ఏడ్చాడు. గిద్యోను కూడా దూతతో, యెహోవా మాకు తోడై ఉంటే ఇదంతా మాకు ఎందుకు జరిగిందని అడిగాడు. మీ తొమ్మిదేళ్లవాడు పెద్దవాళ్ల వరుసలో నిలబడి అడిగాడు.

వాణ్ణి కూర్చోబెట్టుకుని మొదట క్షమాపణ అడగండి. “ఆ రోజు నేను కసిరాను. తప్పు నాది. నాకు కూడా అదే ప్రశ్న ఉంది, అందుకే భయపడ్డాను” అనండి. ఎందుకు అని వాడు మళ్లీ అడిగితే “నాకు తెలియదు నాన్నా” అని నిజం చెప్పండి. ‘దేవుడికి నాన్న అవసరమై తీసుకున్నాడు’ అని మాత్రం చెప్పకండి. నాన్న అవసరం వాడికే ఎక్కువ ఉందని వాడికి తెలుసు. అవసరం కోసం తండ్రులను ఎత్తుకుపోయే దేవుణ్ణి వాడు ప్రేమించలేడు. తెలియని దాని పక్కన తెలిసినది పెట్టండి. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని మనకు తెలుసు. మరణం ఆయనకు కూడా నచ్చలేదని మనకు తెలుసు. దాన్ని జయించి ఆయన మూడో రోజు లేచాడని, నాన్నను కూడా లేపుతాడని నమ్ముతున్నాం. ఇంతే చెప్పండి. వాడి ముందు ఏడవడానికి వెనుకాడకండి. అమ్మ ఏడుస్తూనే ప్రార్థన చేయడం పిల్లవాడు చూడడం మంచిదే. నాన్న పేరు ఇంట్లో మామూలుగా వినబడాలి.

ఒక విషయం వదిలేస్తే నాకు మనసు ఒప్పదు. ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవుడు పంపిన దూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు, దూత పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, శక్తికి మించిన ప్రయాణం ముందుంది కాబట్టి తినమన్నాడు. మీ నిద్ర, తిండి ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, తినలేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా వైద్యుణ్ణి కలవడానికి ఆలస్యం చేయకండి. చావు ఆలోచనే వస్తే ఆ రోజే నమ్మకస్థులైన ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. వైద్యుడి దగ్గరకు వెళ్లడం విశ్వాసం తక్కువ కావడం కాదు. ఆ అప్పం, ఆ నీళ్లు కూడా దేవుడు పంపినవే.

ఈ రాత్రికి ఒక చిన్న పని చెబుతాను. బాబును పక్కన కూర్చోబెట్టుకుని 13వ కీర్తన తెరవండి. ఆరే వచనాలు. మొదటి రెండిటిలో దావీదు దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు, ఎంతకాలం, ఇంకా ఎంతకాలం అని. ఆ రెండు వచనాలు మీరిద్దరూ కలిసి పైకి చదవండి. వాడు ఇంకేమైనా అడగాలనుకుంటే దేవుణ్ణే అడగనివ్వండి, దిద్దకండి. చివరి వచనంలో ‘కీర్తించెదను’ అన్న మాట ఉంది. దాని దగ్గరకు ఈ రాత్రే చేరుకోవాలన్న తొందర లేదు. రేపు మళ్లీ ఆ రెండు వచనాలే చదివినా సరే.

కొన్ని నెలల తర్వాత నాకు మరో ఉత్తరం రాయండి. బాబు ఏం అడిగాడో అది కూడా రాయండి.